థాయ్ భాషలో మర్యాదగా మాట్లాడటం ఎలా? తెలుగువాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

తెలుగులో మర్యాద చాలావరకు క్రియలోనే ఉంటుంది. "వస్తావా" అన్నామా, "వస్తారా" అన్నామా అన్నదానితోనే సగం సంగతి తేలిపోతుంది. థాయ్‌లో ఆ సౌకర్యం లేదు. పసిపిల్లాడు వచ్చినా, కాలేజీ ప్రిన్సిపాల్ వచ్చినా "మా" అనే ఒక్క మాటే. గౌరవం వినిపించేది ముఖ్యంగా రెండు చోట్ల: వాక్యం చివర తగిలించే చిన్న మాటలో, ఎదుటివాళ్ళని ఏమని పిలుస్తున్నాం అన్నదాంట్లో. ఈ రెండూ పట్టుబడితే, వచ్చినవి పాతిక మాటలే అయినా మిమ్మల్ని మర్యాదస్తుల కిందే లెక్కేస్తారు. ఇవి లేకుండా యాప్‌లో మూడొందల మాటలు బట్టీపట్టి వెళ్తే, చెప్పింది అర్థమవుతుంది కానీ వినడానికి మొరటుగా ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో వరసని మామూలు పాఠ్యపుస్తకాల్లా కాకుండా, ముందు వాక్యం చివరి నుంచి మొదలుపెడుతున్నాను.

మాటలకంటే ముందు: నోటిని సర్దుకోవాలి

థాయ్‌లో అయిదు స్వరాలు ఉన్నాయి. ఒకే అక్షరాలని సమంగా, తగ్గించి, ఎత్తి కిందికి దింపి, ఎత్తుగా, కింది నుంచి పైకి లేపి పలికితే అయిదు వేరు వేరు మాటలు కావచ్చు. దీని గురించి మొదటిరోజే టెన్షన్ పడక్కర్లేదు కానీ, మర్యాద మాటల వరకైనా స్వరం జాగ్రత్తగా నేర్చుకోండి. "ఫీ" అనేది ఎత్తు నుంచి కిందికి దిగితే అక్క లేదా అన్న. కింది నుంచి పైకి లేస్తే దెయ్యం.

మనకో లాభం ఉంది. క-ఖ, త-థ, ప-ఫ తేడాలు థాయ్‌లోనూ ఉన్నాయి, హ్రస్వ దీర్ఘాలు కూడా. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు వీటి దగ్గర చాలా అవస్థ పడతారు. అయితే రెండు పాత అలవాట్లు మానుకోవాలి. ఒకటి, "ఫ"ని ఫోన్, ఫ్యాన్‌లలో పలికినట్టు పలకడం. థాయ్ "ఫీ", "ఫొమ్"లలో రెండు పెదాలూ కలవాలి, "ప"ని గట్టిగా గాలితో వదలాలి. ఇంకొకటి, హల్లుతో ఆగే ప్రతి మాటకీ చివర "ఉ" చేర్చడం. "ఖ్రప్" అన్నాక పెదాలు మూసి ఆపేయాలి. "ఖ్రప్పు" అనకూడదు.

1. వాక్యం చివర: ఖ్రప్, ఖ

మగవాళ్ళు వాక్యం చివర "ఖ్రప్" అంటారు, ఆడవాళ్ళు "ఖ" అంటారు. తెలుగులో "అండీ"కి దాదాపు ఇదే పని. కానీ ఒక పెద్ద తేడా ఉంది. "అండీ" ఎవరైనా అనొచ్చు. థాయ్‌లో ఏది వాడాలన్నది మాట్లాడేవాళ్ళని బట్టి ఉంటుంది, వినేవాళ్ళని బట్టి కాదు. అవతల ఉన్నది ఆడమనిషైనా సరే, మగవాడు "ఖ్రప్" అనే అనాలి. విమానంలో ఎయిర్‌హోస్టెస్ "సవత్ దీ ఖ" (నమస్కారమండీ) అనగానే మనవాళ్ళు చేతులు జోడించి యథాతథంగా "సవత్ దీ ఖ" అనేస్తుంటారు. ఎవరూ తప్పుపట్టరు, నవ్వి ఊరుకుంటారు. అయినా మొదటి అడుగులోనే సరిచేసుకోవాల్సిన సంగతి ఇది. భార్యాభర్తలు కలిసి నేర్చుకుంటుంటే ఒకరి వాక్యాలు ఇంకొకరు వల్లెవేయకండి.

మగవాళ్ళకి పని తేలిక: విషయం చెప్పినా, ప్రశ్న అడిగినా అదే ఎత్తైన స్వరంలో "ఖ్రప్". మాటల వేగంలో "ర" జారిపోయి "ఖప్" అయిపోతుంది. వీధిలో అది మామూలే. ఇంటర్వ్యూలో, ఆఫీసు మీటింగ్‌లో మాత్రం "ర" వినిపించేలా పలకడం మంచిది.

ఆడవాళ్ళకి రెండు రూపాలున్నాయి. విషయం చెప్పేటప్పుడు "ఖ" పై నుంచి కిందికి దిగుతుంది. ప్రశ్న అడిగేటప్పుడు ఎత్తులోనే ఉంటుంది. "న" అనే బుజ్జగింపు మాట తర్వాత వచ్చినా ఎత్తే. ఈ రెండు రూపాల స్పెల్లింగులు వేరు. సోషల్ మీడియాలో ఒకదాని బదులు ఇంకొకటి రాసే థాయ్‌లు బోలెడుమంది, వాళ్ళని పట్టుకుని సరిదిద్దేవాళ్ళూ బోలెడుమంది. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి దీన్ని "ఖా" అనుకుంటాం కానీ అసలు హ్రస్వమే. దుకాణాల్లో అమ్మాయిలు ముద్దుగా సాగదీయడం వినిపిస్తుంది, అది వేరే సంగతి.

ఎన్నిసార్లు అనాలి? ప్రతి వాక్యానికీ అతికించక్కర్లేదు. మాట మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు, అడిగినప్పుడు, జవాబిచ్చినప్పుడు తప్పనిసరి. పరిచయం పెరిగేకొద్దీ తగ్గుతుంది. అధికారులు, పెద్దవాళ్ళు, అత్తింటివాళ్ళ దగ్గర ఎక్కువే ఉండాలి. విడిగా "ఖ్రప్" లేదా "ఖ" అంటే "అవునండీ", "చెప్పండి, వింటున్నాను" అని. ఫోన్‌లో అవతలివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ ఇది వినిపిస్తూనే ఉండాలి. మీరు మౌనంగా ఉంటే లైన్ కట్ అయిందనుకుంటారు.

టీవీ సీరియళ్ళు చూసి భాష నేర్చుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. వాక్యం చివర "వ" అని వినిపిస్తే అది స్నేహితుల మధ్య వాడే మోటు మాట, మనం "రా" అన్నట్టు. "చ" అని మెత్తగా వినిపిస్తే అది చిన్నవాళ్ళతోనో, బాగా దగ్గరివాళ్ళతోనో అనేది. రెంటినీ వినండి, అనకండి.

2. మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకోవాలి

"నేను" అనడానికి మగవాళ్ళకి "ఫొమ్" ఒక్కటి చాలు. ఎక్కడైనా చెల్లుతుంది.

ఆడవాళ్ళకి అంత సులువుగా తేలదు. "దిఛన్" పూర్తి లాంఛనం, సభలోనూ టీవీ వార్తల్లోనూ వినిపిస్తుంది. కూరగాయల బజారులో అది బిగుసుకుపోయినట్టుంటుంది. "ఛన్" పాఠ్యపుస్తకాలు నేర్పేది, పెద్దవాళ్ళ ముందు కాస్త తక్కువ మర్యాద. అసలైన థాయ్ అమ్మాయిలు ఏం చేస్తారంటే, తమ పేరుతోనే తమని చెప్పుకుంటారు, లేదా తమకంటే చాలా పెద్దవాళ్ళ దగ్గర "నూ" అంటారు. "నూ" అంటే ఎలుకపిల్ల లాంటి చిన్నది అన్న భావం. పాతికేళ్ళ అమ్మాయి టీచరుతో "నూ" అంటే ముచ్చటగా ఉంటుంది. నలభై దాటిన పర్యాటకురాలు హోటల్ రిసెప్షన్‌లో అంటే అంత బాగుండదు. నా సలహా: "నేను"ని వదిలేయండి. థాయ్‌లో కర్త లేకుండానే వాక్యం నిలబడుతుంది, చివర "ఖ" ఉంటే అది మర్యాదగానే వినిపిస్తుంది.

"కూ", "మ్యుంగ్" అనే జంట మాటలు కుర్రాళ్ళ నోట తెగ వినిపిస్తాయి. "నేను", "నువ్వు" అని అర్థం. ప్రాణస్నేహితుల మధ్య చనువు, బయటివాళ్ళతో అయితే నేరుగా తిట్టు.

3. ఎదుటివాళ్ళని ఏమని పిలవాలి

"మీరు" అనడానికి నిఘంటువు "ఖున్" అని చెబుతుంది. తప్పు కాదు, కానీ థాయ్‌లు దాన్ని మనం ఊహించినంతగా వాడరు. రోజువారీ మాటల్లో "మీరు" స్థానంలో వరస వస్తుంది. ఈ విషయంలో తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆటో డ్రైవర్‌ని అన్నా అని, పక్కింటావిడని అక్కా అని పిలిచే అలవాటు ఉన్నవాళ్ళమే.

కాస్త పెద్దవాళ్ళు "ఫీ", చిన్నవాళ్ళు "నోంగ్". రెండూ ఆడా మగా ఇద్దరికీ. హోటల్లో సర్వర్‌ని "నోంగ్" అని పిలవొచ్చు, మీకంటే పెద్దగా కనిపిస్తే "ఫీ" అనాలి. ఆఫీసులో సీనియర్లు "ఫీ"తో పాటు వాళ్ళ ముద్దుపేరు. థాయ్‌లకి దాదాపు అందరికీ అసలు పేరు కాక ఒక చిన్న ముద్దుపేరు ఉంటుంది, ఆఫీసులోనూ దాంతోనే చలామణి అవుతారు.

ఇంకా పెద్దవాళ్ళకి తల్లిదండ్రుల తరం వరసలు. "లుంగ్" అంటే అమ్మకి గాని నాన్నకి గాని అన్న, "పా" అంటే అక్క. వాళ్ళకంటే చిన్నవాళ్ళయితే అమ్మవైపు "నా", నాన్నవైపు "ఆ". ఇక్కడ మన లెక్క తప్పుతుంది: "నా" పిన్నికీ మేనమామకీ ఒకటే, "ఆ" బాబాయికీ మేనత్తకీ ఒకటే. చూసేది వయసూ, ఏ వైపన్నదీ. బయటివాళ్ళని పిలవడానికి "లుంగ్", "పా" బాగా వాడుకలో ఉన్నాయి. కాకపోతే "పా" విషయంలో తొందరపడొద్దు. మన దగ్గర "ఆంటీ" అన్నప్పుడు కొందరి మొహంలో కనిపించే మార్పు అక్కడా కనిపిస్తుంది. అనుమానం వస్తే "ఫీ" అనండి. వయసు తగ్గించినందుకు ఎవరూ కోప్పడరు.

వరస తేల్చుకోవడానికే థాయ్‌లు పరిచయమైన కాసేపటికే వయసు అడిగేస్తారు. మనవాళ్ళు జీతం అడిగినంత మామూలుగా. దాన్ని కూపీ లాగడం అనుకోకుండా జవాబు చెప్పండి, తిరిగి అడగండి.

లాంఛనంగా పిలవాల్సినప్పుడు "ఖున్"ని పేరు ముందు పెట్టాలి. ఇంటిపేరు ముందు కాదు. థాయ్‌లాండ్‌లో ఇంటిపేర్లు అందరికీ తప్పనిసరి అయింది 1913లో, ఆరో రామ రాజు వజిరావుధ్ తెచ్చిన చట్టంతోనే. ఈరోజుకీ మంత్రిని కూడా పిలిచేది సొంత పేరుతోనే. మన పేరుకి మనమే "గారు" పెట్టుకోనట్టే, సొంత పేరు ముందు "ఖున్" పెట్టుకోకూడదు. హోదా బాగా పెద్దదైతే "థన్" అంటారు, అది మన "తమరు" స్థాయి. టీచరైతే "ఖ్రూ", విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాళ్ళు "ఆచాన్". గురువు, ఆచార్య అన్న మన మాటలే అలా అరిగాయి. డాక్టర్‌ని "ఖున్ మో" అంటారు. ఈ ముగ్గురి విషయంలో వరసలు వద్దు, వృత్తి పేరే గౌరవం.

4. అడగడం

పర్యాటకులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లీషు "ప్లీజ్"కి సమానం ఏమిటని వెతికి "కరునా" పట్టుకుంటారు. అది కరుణే, కానీ రైల్వే ప్రకటనల్లో, బోర్డుల మీద వినిపించే లాంఛనపు మాట. మనిషి మనిషిని అడిగేటప్పుడు పనికొచ్చేవి రెండు. ఏదైనా వస్తువు కావాలంటే "ఖో"తో మొదలుపెట్టండి. ఎవరైనా ఒక పని చేసిపెట్టాలంటే "ఛువయ్"తో. వాక్యం చివర "నొయ్" పెడితే "కాస్త" అన్నంత మెత్తదనం వస్తుంది. "దాయ్ మయ్" చేరిస్తే "వీలవుతుందా" అన్నట్టు అవతలివాళ్ళకి కాదనే అవకాశం కూడా ఇచ్చినట్టవుతుంది.

నీళ్ళు కావాలి: "ఖో నామ్ నొయ్ ఖ్రప్."
కాస్త నెమ్మదిగా చెప్తారా: "ఛువయ్ ఫూత్ ఛా ఛా నొయ్ దాయ్ మయ్ ఖ."
కొంచెం తగ్గిస్తారా: "లొత్ నొయ్ దాయ్ మయ్ ఖ."
ఇక్కడ ఆపండి: "చోత్ త్రోంగ్ నీ ఖ్రప్."
బిల్లు: "చెక్ బిన్ ఖ్రప్."

శాకాహారులకి ముఖ్యమైన వాక్యం ఒకటి: "మయ్ సయ్ నామ్ ప్లా దాయ్ మయ్ ఖ్రప్." ఫిష్ సాస్ వేయకుండా చేయగలరా అని. కూరగాయల వేపుడులో కూడా అది పడే దేశం. "జే" అని అడిగితే మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా లేని భోజనం వస్తుంది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఆపి ఏదైనా అడగాలంటే ముందు "ఖో థోత్" అనాలి. క్షమించండి అని. "ఖో థోత్ న ఖ, హోంగ్ నామ్ యూ నయ్ ఖ" అంటే బాత్రూమ్ ఎక్కడండీ అని. పని కాస్త పెద్దదైతే "రొప్ కువన్ నొయ్ ఖ్రప్" అని మొదలుపెడతారు, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను అని. ఎదుటివాళ్ళకి శ్రమ కలగకూడదన్న ఈ మొహమాటాన్ని థాయ్‌లు "క్రేంగ్ చయ్" అంటారు, దాన్ని మంచి పెంపకానికి గుర్తుగా చూస్తారు.

5. కాదనడం, క్షమాపణ, కృతజ్ఞత

"క్రేంగ్ చయ్" వల్లే సూటిగా "లేదు, కుదరదు" అనేది అరుదుగా వినిపిస్తుంది. మీరూ అలాగే చేయండి. వడ్డిస్తుంటే చాలంటానికి "ఇమ్ లేవ్ ఖ్రప్", కడుపు నిండింది అని. దుకాణదారు వెంటపడితే "మయ్ ఆవ్", అంటే వద్దు అని విసరడం కంటే, "మయ్ పెన్ రయ్ ఖ, ఖోప్ ఖున్ ఖ" అని నవ్వి ముందుకెళ్ళడం మేలు. "మయ్ పెన్ రయ్" ఫర్వాలేదు అన్న మాట. క్షమాపణకి జవాబు, కృతజ్ఞతకి జవాబు, సున్నితమైన తిరస్కారం మూడూ అదే.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. మీరు అడిగినదానికి అవతలివాళ్ళు "ఖ్రప్, ఖ్రప్" అంటుంటే ఒప్పుకున్నారని లెక్కవేయకండి, వింటున్నారంతే. వ్యాపారం మీద వెళ్ళేవాళ్ళు దీని దగ్గర చాలా పొరబడతారు. "దాయ్ ఖ్రప్" అన్నప్పుడే ఒప్పుకున్నట్టు.

కృతజ్ఞతలు "ఖోప్ ఖున్". "ఖోప్ చయ్" అనేది కూడా వింటారు, అది పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అనేది. పక్కనున్న లావోస్‌లో మాత్రం అదే అందరితో వాడే మర్యాద మాట. రెండు దేశాలూ చుట్టేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

భారతీయుల్ని, అరబ్బుల్ని థాయ్‌లు "ఖేక్" అనడం మీ చెవిన పడవచ్చు. అతిథి అన్న అర్థం ఉన్న మాటే, చాలామంది చెడు ఉద్దేశం లేకుండానే అంటారు. కొందరు భారతీయులకి అది నచ్చదు, అది న్యాయమే. మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు "ఖోన్ ఇందియా" అనండి.

6. వాయ్: చేతులు ఎంత ఎత్తులో

"వాయ్" అంటే థాయ్ నమస్కారం. రెండు చేతులూ జోడించడం మనకి కొత్త కాదు. కొత్తది ఎత్తు లెక్క. బౌద్ధ భిక్షువుకి, బుద్ధ విగ్రహానికి బొటనవేళ్ళు కనుబొమల మధ్యకి రావాలి. తల్లిదండ్రులకి, గురువులకి ముక్కు కొసకి. మామూలుగా పెద్దవాళ్ళకి గడ్డం దగ్గరికి. సమవయస్కులకి ఛాతీ దగ్గర చాలు. చేతులు ఎంత పైకి వెళ్తే తల అంత వంగాలి.

ముందు నమస్కరించాల్సింది చిన్నవాళ్ళు. హోటల్ సిబ్బంది, పిల్లలు చేస్తే నవ్వి తల ఊపితే సరిపోతుంది. మనవాళ్ళు ఉత్సాహంగా అందరికీ ముందే పెట్టేస్తుంటారు, అది అవతలివాళ్ళని ఇరుకున పెడుతుంది. భిక్షువులు తిరిగి నమస్కరించరు, నొచ్చుకోవద్దు.

నోటితో అనే "సవత్ దీ" మన "స్వస్తి" నుంచే వచ్చింది, కానీ పలకరింపుగా దాని వయసు తక్కువ. 1930ల్లో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో ఫ్రయా ఉపకిత్ సిలపసాన్ అనే పండితుడు దాన్ని వాడుకలోకి తెచ్చారు, 1943లో అప్పటి ప్రధాని ఫిబూన్ ప్రభుత్వం అధికారికం చేసింది. ఇరుగుపొరుగు ఇప్పటికీ పలకరించుకునేది "భోంచేశారా", "ఎక్కడికి" అనే: "థాన్ ఖావ్ యంగ్ ఖ." దానికి తిన్నవాటి జాబితా చెప్పక్కర్లేదు. "థాన్ లేవ్ ఖ్రప్" చాలు.

7. ఒకే పనికి ఎన్ని మాటలు

"తినడం" తీసుకోండి. ఇంట్లో, స్నేహితులతో "కిన్". కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో "థాన్". ఆహ్వానాల్లో, ప్రకటనల్లో "రప్ ప్రథాన్". భిక్షువులు తింటే "ఛన్". రాజకుటుంబం భుజిస్తే "సవోయ్". ఇవి కాక "దేక్" అని ఒకటుంది, మన "మెక్కడం" లాంటిది. మీకు మొదటి రెండూ చాలు.

రాజకుటుంబం గురించి వాడే పదజాలాన్ని "రాఛాసప్" అంటారు, రాజశబ్దం. సంస్కృతం, పాళీ, ఖ్మేర్ (కంబోడియా భాష) మాటలతో నిండి ఉంటుంది. థాయ్ పిల్లలు దాన్ని బడిలో నేర్చుకుంటారు, విదేశీయుల నుంచి ఎవరూ ఆశించరు. మీ నుంచి ఆశించేది వేరు: రాజకుటుంబం మీద జోకులు, వ్యాఖ్యలు ఏ భాషలోనూ వద్దు. థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు ఉంది. ఫేస్‌బుక్ పోస్టుకి కూడా అది వర్తిస్తుంది.

భిక్షువులతో మాట్లాడాల్సి వస్తే "సవత్ దీ" బదులు "నమత్సకాన్" అనాలి. వయసు మళ్ళినవారిని "లువంగ్ ఫో" అంటే సరిపోతుంది, "ఫో" అంటే నాన్న. వారు తమని "ఆత్తమా" అని, మిమ్మల్ని "యోమ్" అని అంటారు. ఆడవాళ్ళు భిక్షువుని తాకకూడదు, వస్తువు నేరుగా చేతికివ్వకూడదు. ఆయన పరిచే గుడ్డ మీదో, బల్ల మీదో పెట్టాలి.

8. రాసేటప్పుడు

ఆఫీసు మెయిల్ "రియన్" అన్న మాటతో, దాని పక్కన "ఖున్", పేరు రాసి మొదలవుతుంది. "ఖో సదేంగ్ ఖ్వామ్ నప్ థు" అని, గౌరవం తెలుపుకుంటూ అన్న అర్థంతో ముగుస్తుంది. థాయ్‌లాండ్‌లో అసలు పని నడిచేది మాత్రం లైన్ (LINE) అనే మెసేజింగ్ యాప్‌లో. అక్కడ కూడా చివర ఖ్రప్, ఖ లేకపోతే మెసేజ్ కోపంగా పంపినట్టుంటుంది. బాస్ నుంచి 555 అని వస్తే కంగారుపడొద్దు. థాయ్‌లో అయిదుని "హా" అంటారు, ఆయన నవ్వుతున్నాడు.

9. పొగిడినప్పుడు

పైవాటిలో ఏ రెండు వాక్యాలు సరిగ్గా పలికినా "ఫూత్ థయ్ కెంగ్" అంటారు, థాయ్ భలే మాట్లాడుతున్నారే అని. థాంక్యూ చెప్పేసి ఊరుకోవడం తప్పు కాదు. థాయ్‌లు అనేది మాత్రం "యంగ్ మయ్ కెంగ్ ఖ్రప్": ఇంకా అంత రాలేదండీ. అలా అన్నారంటే సిద్ధంగా ఉండండి, ఆ వెంటనే మీ వయసెంతని అడుగుతారు.